గోడ రాత చార్జీ

గోడ మంచిదే. సున్నం మీద లేత పచ్చరంగు వేసి ఉంది. పెచ్చులు లేవు, పగుళ్లు లేవు. ఊళ్లో బస్సు దిగినవాళ్ల కన్ను ముందుగా దాని మీదే పడుతుంది. ఇంకెప్పుడైనా అయితే ఇలాంటి గోడ దొరికినందుకు మజర్ సంబరపడేవాడు. ఇవాళ మాత్రం బండి దిగి, రంగు డబ్బాలు కింద పెట్టి, గోడ వంక కాకుండా గడప వంక చూస్తూ నిలబడ్డాడు.

గడపలో సారక్క బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు తంబాకు. ఇద్దరు మగవాళ్లు డబ్బాలతో వచ్చి ఎదురుగా నిలబడినా ఆమె వేళ్లు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి పక్కన పడేసింది. ఇంకో ఆకు అందుకుంది.

మజర్‌ను బండి మీద తీసుకొచ్చిన మొగిలి ఇళ్ల లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల మనిషి. నలభై దాటినవాడు, చెడ్డవాడు కాదు. చెడ్డ కబుర్లు మోసే కొలువు దొరికింది, అంతే. హెల్మెట్ తీయకుండానే చెప్పాల్సింది చెప్పేశాడు. ఇంటి లోను మీద మూడు కిస్తీలు నిలిచిపోయాయి, నోటీసుకు జవాబు లేదు, అందుకని కంపెనీ గోడ మీద రాయిస్తోంది. బాకీ కట్టిన మరునాడే తుడిపేసుకోవచ్చు.

"మా పిలగాడు అంజి మస్కట్‌ల ఉన్నడు గదా కొడుకా," అంది సారక్క. "ఆళ్ల కంపెనోళ్లు జీతమియ్యక ఎన్ని నెలలాయె. ఇస్తే నేనెందుకు ఆపుత?"

మొగిలికి ఆ సంగతి తెలియనిది కాదు. తల ఊపాడు, మజర్‌కు గోడ చూపించాడు, ఫోన్ మోగిందని బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

మజర్ గోడకు ఆ కొసా ఈ కొసా చిన్న మేకులు కొట్టి, సుద్దపొడి రాసిన దారం బిగించి కట్టాడు. నడుమ పట్టుకుని లాగి వదిలితే తెల్లటి గీత పడింది. దాని కింద ఇంకొకటి కొట్టబోతుంటే సారక్క చాట దించి లేచి వచ్చింది. గోడకు కుడిపక్క, కిటికీ పైన, వెలిసిపోయిన గులాబీ రంగు అక్షరాలున్నాయి. అంజి వెడ్స్ స్వప్న. పెళ్లప్పుడు రాయించినవి. మజర్ గీత సరిగ్గా వాటి నడుమ నుంచి పోయింది.

"తమ్మీ, గదొక్కటి ఇడిచిపెట్టు," అంది సారక్క. "కోడలు కైకిలి పనికి పోయింది. పొద్దూకి అచ్చి చూసుకుంటది."

రోడ్డు మీదికి బాగా కనిపించేలా రాయమని మొగిలి బండి దగ్గర్నుంచే సైగ చేశాడు. మజర్ అతని వంక చూడనట్టు ఊరుకుని, గీత చెరిపి, ఎడమకు జరిపి, అక్షరాలు కాస్త చిన్నవి చేసుకున్నాడు. పెళ్లిపేర్లు మిగిలాయి. అంతవరకే తన చేతిలో ఉందనుకున్నాడు.

ఎర్ర ఎనామిల్ డబ్బా మూత తీసి, టర్పెంట్ కలిపి, బ్రష్ అంచును డబ్బా లోపలికి రుద్ది, రాయడం మొదలుపెట్టాడు. ఈ ఇల్లు మా కంపెనీకి తనఖాలో ఉన్నది, ఎవరూ కొనరాదు, అమ్మరాదు. దాని కింద లోను నంబరు, బ్రాంచి పేరు. ఎరువులు, సిమెంట్లు, ఎన్నికల గుర్తులు, పోలియో చుక్కలు, ఎన్నో పెళ్లిళ్లు రాసిన చెయ్యి అది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మజర్‌కు తెలుగు అక్షరమంటే మాత్రం ప్రాణం. తనఖాలో 'ఖ' పొట్ట గుండ్రంగా రావాలని ఊపిరి బిగబట్టాడు. ఒక ఇంటి పరువు తీసే మాటను అంత అందంగా రాయమని ఎవరూ అడగలేదు. వంకరగా రాయడం ఆ చేతికి తెలియదు, ఏం చేస్తాం.

రాయడం అయ్యాక, బ్రష్‌లో మిగిలిన రంగుతో గోడ కింది మూలన ఎప్పుడూ రాసేది రాసేశాడు. మజర్ ఆర్ట్స్, కోరుట్ల, పక్కన సెల్ నంబరు. గోడలు రాసేవాళ్లందరూ చేసే పనే ఇది. ఒక గోడ చూసినవాడు పిలిచి ఇంకో గోడ ఇస్తాడు. చేతికి ఎంత అలవాటంటే రాసినట్టు కూడా అతనికి తెలియలేదు. మొగిలి వచ్చి ఫోన్‌లో ఫొటో కొట్టి బ్రాంచికి పంపాడు. అతనూ చూడలేదు. ఆ వారం ముత్యంపేటలో రాసిన గోడ మీదా, సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిచే గల్లీలో రాసిన గోడ మీదా అప్పటికే ఆ పేరూ ఆ నంబరూ ఎర్రగా ఆరిపోయి ఉన్నాయి.

బయలుదేరుతుంటే సారక్క ఇద్దరికీ చెంబుతో నీళ్లు తెచ్చింది. మొగిలి తాగాడు. చేతులకు రంగంటిందని చెప్పి మజర్ తాగలేదు.

*

కోరుట్లలో మజర్ ఇల్లు కూడా అదే కంపెనీ దగ్గర తనఖాలో ఉంది. ఫ్లెక్సీలొచ్చి గోడరాతను మింగేస్తే, ఫ్లెక్సీ మిషన్లోనే వాటా కొందామని ఇల్లు పెట్టి అప్పు తెచ్చాడు. మిషన్ మూలపడింది, వాటాదారు ఊరు మారాడు, అప్పు మాత్రం ఉన్నచోటే ఉంది.

తల్లి రషీదాబీకి ఈ అప్పు సంగతి తెలియదు. ఆమె, ఆమె భర్త బీడీ పైసలతో ఒక్కో గదిగా లేపుకున్న ఇల్లది. సాయంత్రమైతే వీధి గోడకు కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లు ఆగి సలాం చెబుతారు. ఆ గోడ మీద ఎర్ర అక్షరాలు పడినట్టూ, తెలుగు చదవడం రాని తల్లి వాటి కింద కూర్చుని వచ్చినవాళ్లనల్లా నవ్వుతూ పలకరిస్తున్నట్టూ మజర్‌కు పట్టపగలే కనబడుతోంది. అది తప్ప ఇంకేం జరిగినా ఓర్చుకోగలననుకుంటున్నాడు.

కిస్తీ అయిదో తారీకున బ్యాంకు ఖాతాలోంచి పోవాలి. మజర్ చేతికి డబ్బులు ఎప్పుడొస్తాయో మజర్‌కే తెలియదు. ఆ రోజు ఖాతాలో తక్కువ పడితే బ్యాంకు ఒక జుర్మానా వేస్తుంది, కంపెనీ ఇంకొకటి వేస్తుంది. కొన్నాళ్లాగి కంపెనీ మళ్లీ లాగి చూస్తుంది, మళ్లీ రెండూ పడతాయి. ఆలస్యానికి రోజుకింత. మొగిలి ఇంటికొచ్చి అడిగినందుకు ఇంత. అతను తాగిపోయిన చాయ్ ఒక్కటే ఏ లెక్కలోకీ రాదు. మజర్ తంటాలు పడి అప్పుడో వెయ్యి, ఇప్పుడో రెండు వేలు కడితే అవన్నీ ఈ జుర్మానాలే నమిలి మింగాయి, కిస్తీ ముట్టుకున్న పాపాన పోలేదు. అందుకే జగిత్యాల బ్రాంచిలో తేజస్విని మేడం గోడలు రాసే పని చెప్పినప్పుడు గండం గట్టెక్కినట్టే అనిపించింది. గోడకు అయిదు వందలు. చేతికివ్వరు, అతని జుర్మానాల్లోంచి తగ్గిస్తారు. ఆ పని చేస్తున్నన్నాళ్లు అతని గోడ జోలికి రారు.

మరునాడు పొద్దున్నే ఫోన్ మోగింది. ఎత్తితే సారక్క. పచ్చ గోడ ఇంటామెనని చెప్పుకుని, సార్ అని మొదలుపెట్టింది. నేను సార్‌ను కాను, నిన్న రంగేసినవాణ్నని మజర్ చెప్పాడు. ఆమె నమ్మలేదు. కంపెనీ నంబరు అని వేరే ఉంటుందన్నాడు.

"గా నంబరుకు చేస్తే ఒకటొత్తు, రెండొత్తు అని ఎవతో చెప్తది. మనిషి రాదు," అంది సారక్క. "గోడ మీద నీ నంబరున్నది. నువ్వు ఎత్తినవు. జర అంజికి జీతం పడేదాంక ఆగుమని చెప్పు సార్."

గోడ మీద తన నంబరుందని అప్పుడు తెలిసింది మజర్‌కు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. చెబుతానని మాత్రం అని పెట్టేశాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

మధ్యాహ్నానికి సిరిసిల్ల గోడ ఇంటి జలపతి చేశాడు. వెనక సాంచాల చప్పుడులో సగం మాటలు వినబడలేదు. వినబడినవి తిట్లు. గోడ మీద ఆ రాత చూసి కిరాణా అతను ఉద్దెరకు సామాను ఇవ్వడం బంద్ చేశాడట. ముత్యంపేట ప్రభుదాస్ తిట్టలేదు. వరికోత మిషన్ నడిపేవాడు, కోతలు మొదలైతే మొత్తం కట్టేస్తానని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, మీ పేరేంటి సార్ అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద మజర్‌కు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

సాయంత్రం అతను నమాజ్‌లో ఉండగా మోగిన ఫోన్‌ను భార్య జబీన్ ఎత్తింది. మస్కట్ నుంచి అంజి. ఆమె చాలాసేపు వింది. మజర్ లేచి వచ్చేసరికి ఫోన్ బల్ల మీద పెట్టి, బియ్యం చాట ముందేసుకుని కూర్చుంది. అత్తకు వినపడకుండా ఉర్దూలో నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్లవాడు కోప్పడలేదు. గోడ మీద తన పేరు, పెళ్లాం పేరు ఉన్నాయా, తుడిచేశారా అని అడిగాడు, అంతే. నాకు తెలియదు బాబూ అని చెప్పానంది.

"ఉన్నాయి," అన్నాడు మజర్.

జబీన్ బియ్యంలోంచి తలెత్తలేదు. ఆ పూట అతనికి అన్నం పెట్టింది కానీ మాట కలపలేదు.  తన గోడ కాచుకోవడానికి ఎవరెవరి గోడలు ఎక్కి తొక్కుతున్నాడో ఆ రాత్రి అతనికి మొదటిసారి లెక్కకొచ్చింది.

*

జగిత్యాల బ్రాంచిలో తేజస్విని మొగిలి పంపిన ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి అతనికే చూపించింది. మంచిపిల్ల. మజర్ కూతురి వయసుంటుంది, అంకుల్ అని పిలుస్తుంది. ఇవాళ మాత్రం ముఖం గంటు పెట్టుకుంది. కంపెనీ గోడ మీద ప్రైవేటు నంబరేంటని పైనుంచి ఆమెకు అక్షింతలు పడ్డాయి. అన్ని గోడల మీదా ఆ పేరు తుడిచి రావాలి, రంగు ఖర్చు అతనిదే. ఆ తర్వాత కొత్తగా మూడు ఇళ్లున్నాయి.

అంతలోనే మనసు మెత్తబడి, మీ ఖాతా చూపిస్తానని అతని లోను తెరిచింది. జుర్మానాల్లో కొంత తగ్గింది. చూశారా అన్నట్టు నవ్వింది. మజర్ కూడా నవ్వబోయి, ఏదో తట్టి అడిగాడు. ఈ తగ్గినవి కంపెనీ తన జేబులోంచి ఇస్తున్నట్టా అని.

"కంపెనీ ఎందుకిస్తది అంకుల్? గోడ రాత చార్జీ పార్టీ అకౌంట్లనే పడుతది. మూడున్నర వేలు. జీఎస్టీ వేరే."

మజర్‌కు ముందు అర్థం కాలేదు. ఆమె మళ్లీ విడమరిచి చెప్పింది. ఎవరి గోడ మీద రాస్తే వాళ్ల బాకీలో ఆ మూడున్నర వేలు కలుస్తాయి. అందులో అయిదు వందలు రాసిన మనిషికి, మిగతావి కంపెనీకి. కట్టకపోతే వాటి మీదా ఆలస్యపు జుర్మానా నడుస్తుంది. చెబుతూ చెబుతూ అతని ముఖం చూసి ఆగింది.

"రూల్ నేను పెట్టలే అంకుల్," అంది గొంతు తగ్గించి. "వసూలు రాకుంటే నా జీతంల గూడ కోస్తరు."

మజర్‌కు సారక్క చాటలోని బీడీలు గుర్తొచ్చాయి. ఎన్ని చుడితే మూడున్నర వేలవుతాయో బీడీలు చేసేవాళ్ల కడుపున పుట్టిన అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె గోడ మీద తాను రాసిన రాతకు కూలి ఆమే ఇచ్చింది. ఆమెకు తెలియకుండా ఇచ్చింది. ఆ కూలితో తన గోడ తెల్లగా ఉంది. ఇంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

ఇక రాయనని చెప్పాడు. ఎందుకని తేజస్విని అడగలేదు. మౌస్ జరిపి అతని ఖాతా మూసేసింది.

"శుక్రవారం గోడ రాతల లిస్టు పోతది," అంది. "మీ పేరు నేనే ఆపుకుంట అచ్చిన. మీరు మా పని చేస్తున్నరని రాసి ఆపిన. ఇప్పుడేం రాయాలె?"

మజర్ లేచి, కుర్చీని సరిగ్గా బల్ల కిందికి జరిపి, బయటికి వచ్చేశాడు.

*

గురువారం పొద్దున, కోరుట్లలో ఇంటి వెనక కూర్చుని లేతపచ్చ కలిపాడు. తెలుపులో ఆకుపచ్చ బొట్లుబొట్లుగా వేసి, పుల్లతో తిప్పి, అట్టముక్క మీద పూసి ఆరనిచ్చి, ఇంకొంచెం పసుపు కలిపాడు. సారక్క గోడ రంగు వచ్చింది. చిన్న డబ్బాలో పోసుకుని, మెట్‌పల్లి మీదుగా రెండు బస్సులు మారి వెళ్లాడు.

సారక్క గడపలోనే ఉంది. ఆమె పక్కన కోడలు స్వప్న కూడా చాట పెట్టుకుని కూర్చుంది. మజర్ ముందు గోడ దగ్గరికి పోలేదు. చెప్పులు విడిచి, ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, గోడ రాత చార్జీ సంగతి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

సారక్క చేతిలోని బీడీకి దారం కట్టడం పూర్తిచేసింది.

"గా ఐదు వందలు నీకు ముట్టినయా?"

"చేతికి ముట్టలే అక్కా. నా జుర్మానల పట్టుకున్నరు. నా ఇల్లు గూడ ఆళ్ల దగ్గర్నే ఉన్నది."

ఆమె అతని వంక తేరిపార చూసింది. రంగు మరకల చొక్కా, మోకాళ్ల మీద పెట్టుకున్న పచ్చడబ్బా, అన్నీ చూసింది.

"అయితే నీ గోడ మీద ఎవలు రాస్తరు?"

రేపు ఎవరో వస్తారన్నాడు. ఇంట్లో తెలుసా అని అడిగితే, భార్యకు తెలుసు, తల్లికి తెలియదన్నాడు. సారక్క ఇంకో ఆకు అందుకుంది. స్వప్న మాత్రం తల వంచుకునే, పేర్లు తుడవనందుకు వాళ్లాయన ఫోన్‌లో నాలుగుసార్లు చెప్పాడని మెల్లగా అంది. మజర్ లేచి గోడ దగ్గరికి వెళ్లి, తన పేరు తుడవడానికి బ్రష్ తడిపాడు.

"నంబరు తుడువకు తమ్మీ," అంది సారక్క వెనక నుంచి. "ఇంక ఎవలెవలు చేసిన్రు నీకు?"

జలపతి, ప్రభుదాస్ పేర్లు చెప్పాడు. వాళ్ల నంబర్లున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. అప్పుడామె చాట పక్కకు జరిపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"కార్ఖానల గుమస్త మంచిగ లేవని మా బీడీలు బగ్గ ఏరి పారేస్తుంటడు. ఒక్కదాన్ని పోయి అడిగితే నీ చెయ్యి మంచిగ లేదంటడు. గందుకే అందరం కల్సి పోతం. లొల్లి చెయ్యం. చాటలు ముంగటేసుకోని ఆడ్నే కూసోని చేస్తనే ఉంటం. ఎవలం లెవ్వం. పొద్దూకేవరకు గుమస్తనే దిగస్తడు," అంది. "రేపు గట్ల పోదం. కిస్తీ అద్దని అంటలేం. గా రాత పైసలు మమ్ముల అడిగి వేసిన్రా అని అడుగుదం. నువ్వు అందరికి ఫోన్ చెయ్యి."

రేపు శుక్రవారం. ఇంటి దగ్గర నిలబడి గోడ కాచుకోవాల్సిన రోజు. కాస్తే ఆగుతుందా అంటే ఆగదు, ఆ సంగతి మజర్‌కు తెలుసు. అయినా మనసు అక్కడే పీకుతోంది. పచ్చడబ్బా మూత బిగించి సరేనన్నాడు. బస్సులో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. జలపతి ఈసారి తిట్టలేదు. ఒక దినం కూలి పోతుందని నసిగి, చివరికి వస్తానన్నాడు.

*

శుక్రవారం పొద్దున సారక్క, స్వప్న ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకు చార్జీ లేని బస్సెక్కి జగిత్యాలలో దిగారు. ప్రభుదాస్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జలపతి చొక్కాకు దూది నూగు అంటుకునే ఉంది. అయిదుగురూ బ్రాంచిలోకి వెళ్లారు. కుర్చీలు రెండే ఉన్నాయి. సారక్క, స్వప్న గచ్చు మీద కూర్చుని, సంచుల్లోంచి చాటలు తీసి బీడీలు చేయడం మొదలుపెట్టారు.

తేజస్వినికి ఏం చేయాలో తోచలేదు. బయట కూర్చోండమ్మా అంది. ఇక్కడ చల్లగా ఉంది బిడ్డా అంది సారక్క. తంబాకు ఘాటు ఏసీ గాలిలో తిరిగి క్యాషియర్ తుమ్మడం మొదలుపెట్టాడు. ఎవరూ గొంతు పెంచలేదు. గోడ రాతకు మా దగ్గర చార్జీ తీసుకుంటామని మాకు ఎక్కడ చెప్పారో చూపించమని ప్రభుదాస్ అడిగాడు. చూస్తానంది తేజస్విని. చూసింది. దొరకలేదు. ఫోన్ తీసుకుని లోపలికి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మీకొకరికొకరు ఎలా తెలుసని మధ్యలో ఒకసారి అడిగింది. అందరూ మజర్ వంక చూశారు. మజర్ లేచి జుమ్మా నమాజ్‌కు వెళ్లొచ్చాడు. తిరిగి వచ్చేసరికి అతని కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, జలపతి సంచి పెట్టి ఆపాడు.

ఎండ తగ్గే వేళకు కరీంనగర్ నుంచి పెద్ద సారు ఫోన్‌లో దిగొచ్చాడు. హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చేదాకా గోడ రాత చార్జీ ఆపి పెడతామని, దాని మీద జుర్మానా నడవదని, ఎవరికి వారు అర్జీ రాసివ్వాలని చెప్పాడు. కిస్తీలు కిస్తీలే, వాటిలో పైసా తగ్గదన్నాడు. అర్జీలన్నీ మజరే రాశాడు. తేజస్విని ఒక్కో నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చింది. ముద్ర బాగా పడలేదని సారక్క తనదానిమీద ఇంకోసారి కొట్టించుకుంది.

గెలిచామని ఎవరూ అనుకోలేదు. మూడున్నర వేలు ఆగాయి, అంతే. అయినా మెట్లు దిగుతుంటే జలపతి బీడీ ఒకటి అడిగి తీసుకుని, ముట్టించుకోకుండా చెవి మీద పెట్టుకున్నాడు. మజర్ వెనకబడ్డాడు. తేజస్విని తలుపు దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది.

"మీ పేరున్న లిస్టు పొద్దుగాల్నే పోయింది అంకుల్."

మజర్ తల ఊపాడు. ఆమె మీద అతనికి కోపం రాలేదు.

*

బస్సు కోరుట్ల చేరకముందే జబీన్ ఫోన్ చేసింది. మొగిలి వచ్చాడు, మధ్యాహ్నం నుంచీ కూర్చుని ఉన్నాడు, మీరొచ్చేదాకా ముట్టుకోనంటున్నాడు అంది. అమ్మ ఎక్కడుందని అడిగాడు. అక్కడే, గోడ దగ్గరే అంది.

గల్లీ మలుపు తిరిగితే కనిపించారు. రషీదాబీ కుర్చీలో ఉంది. పక్కన అరుగు మీద మొగిలి, చేతిలో ఖాళీ చాయ్ గ్లాసు. అతని కాళ్ల దగ్గర అక్షరాలు కోసిన రేకు, ఎర్ర స్ప్రే డబ్బా. ఇకమీద పెయింటర్లను నమ్మకుండా కంపెనీ రేకు చేయించింది. మజర్‌ను చూసి మొగిలి నిలబడ్డాడు. పొద్దు పోయేలోగా ఫొటో పంపాలన్నాడు. అమ్మ అడిగితే పోలియో చుక్కలదని చెప్పానని చిన్నగా అన్నాడు.

సరేనంటే సరిపోయేది. రేపు కూడా ఆమె ఇక్కడే కూర్చునేది, వచ్చేవాళ్లకు సలాం చెప్పేది. వాళ్లు గోడ చూసి, ఆమెను చూసి, ఏమీ అనకుండా పోయేవాళ్లు. మజర్ రెండు రోజులుగా ఈ అబద్ధాన్నే వెతుక్కుంటున్నాడు. మొగిలి తెచ్చి చేతిలో పెట్టాడు. మజర్ దాన్ని తీసుకోలేకపోయాడు.

కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, తల్లి చేతులు పట్టుకుని, ఉర్దూలో చెప్పాడు. ఫ్లెక్సీ మిషన్ సంగతి, ఇల్లు పెట్టిన సంగతి, నిలిచిపోయిన కిస్తీల సంగతి, తాను మంది ఇళ్ల గోడల మీద రాసిన సంగతి. ఆ రేకు మీద ఏముందో ఒక్కో మాటా చదివి అర్థం చెప్పాడు. గడపలో జబీన్ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

రషీదాబీ ఒక్కటే అడిగింది. ఇల్లు వదిలి పోవాలా అని. ఇప్పుడే కాదమ్మీ, కడతాను అన్నాడు. ఎలా కడతావని ఆమె అడగలేదు. కొడుకు చేతుల్లోంచి చేతులు తీసుకుంది.  ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచింది, కుర్చీని తానే ఈడ్చుకుంటూ నాలుగడుగులు వీధిలోకి జరిపి, గోడకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. అప్పుడు మొగిలి వైపు తిరిగి, బీడీ కార్ఖానాలో నేర్చుకున్న తెలుగులో అంది.

"రాయి అయ్యా. నా కొడుకు నాకు చెప్పిండు."

మొగిలి రేకు గోడకు ఆనించి డబ్బా ఊపాడు. ఒక చేత్తో రేకు, ఇంకో చేత్తో డబ్బా అతనికి కుదరలేదు. రేకు జారింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ జారింది. పక్కింటివాళ్లు ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చారు. మజర్ కాసేపు చూసి, ముందుకు నడిచి, రెండు చేతులతో రేకును గోడకు అదిమి పట్టాడు. అతని వేళ్ల మీదుగా ఎర్ర రంగు పడింది.

"ఎడమ దిక్కు కిందికున్నది," అంది రషీదాబీ వెనక నుంచి. "జర పైకి పట్టు."

మజర్ పైకి పట్టాడు.